ఇంకా తొమ్మిది పుస్తకాలు

జనవరి మొదటి సమావేశంలో మా అధ్యయన బృందం ఒక నిర్ణయం తీసుకుంది. ఏడాదిలో ఒక్కొక్కరం 24 పుస్తకాలు చదవాలి, అంటే నెలకు రెండు. లెక్క రాసే పని నాకు అప్పగించారు. లెక్కలతో బతికే పరిశోధకురాలిని కదా! నోట్‌బుక్‌లో మనిషికొక పేజీ, పూర్తయిన పుస్తకానికొక టిక్కు. ఇప్పుడు ఏడాది చివరి సంచిక పని నడుస్తోంది. నా పేజీలో 15 టిక్కులున్నాయి. మిగిలింది తొమ్మిది పుస్తకాలు, పది వారాలు.

పోయిన సమావేశంలో రకరకాల సలహాలు వచ్చాయి. వంద పేజీల లోపువి ఏరుకుంటే లెక్క తీరిపోతుందని ఒకరన్నారు. కవితా సంపుటాలైతే ఒక్క పూటలో అయిపోతాయని మరొకరు. (కవయిత్రులు క్షమించాలి.) అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, జులైలోనే నేను ఆ పని చేశాను. 40 పేజీల చిన్న పుస్తకానికి టిక్కు పెట్టుకుని, అప్పుడే మొదలుపెట్టిన లావుపాటి పుస్తకాన్ని బల్ల కిందికి తోసేశాను.

నన్ను ఆలోచనలో పడేసింది నా పేజీ కాదు. మా బృందంలో ఒక స్వచ్ఛంద సంస్థ క్షేత్ర కార్యకర్త ఉంది. ఆమె పేజీలో టిక్కులు నాలుగే. మరో ఆరు పుస్తకాల పక్కన 'సగం' అని ఆమే రాసుకుంది. ఆ సగం బస్సులో చదివినది. ఇంటికి చేరి, పని ముగించుకుని పుస్తకం తెరిచేసరికి రాత్రి పది దాటుతుంది. ఈలోగా గ్రంథాలయం గడువు వచ్చేస్తుంది. "నేను వెనకబడిపోయానక్కా, నా పేరు తీసెయ్" అంది. స్త్రీల చదువు కోసం పనిచేసే చోట ఒక స్త్రీ చదవలేకపోయానని తలదించుకుంది. ఆ సిగ్గును ఆమెకు తెచ్చిపెట్టింది నా నోట్‌బుక్కే.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చించారు. పాల్గొన్న పురుషులు 88 నిమిషాలు. ఇది పనిలో చేయి వేసినవాళ్ల సగటు మాత్రమే, అసలు వేయని మగవాళ్లు ఈ 88లో లేరు. ఈ అంకెలను శిక్షణా తరగతుల్లో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో! ఇంట్లో వంటకు మనిషిని పెట్టుకున్న నాకూ, రెండు బస్సులు మారి వెళ్లి పొయ్యి వెలిగించే ఆమెకూ కలిపి ఒకే 24 నిర్ణయించినప్పుడు మాత్రం అవి గుర్తు రాలేదు.

అసలు ఎంత చదివితే చదివినట్టు? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. పుస్తకం కూడా కాదు, ఒక్క పాఠం. రాత్రి తరగతుల్లో దాన్ని కూడబలుక్కుని చదివిన స్త్రీలు తమ ఇళ్లలోని తాగుడు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్ల కథ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే మరో పాఠమై ఇంకెన్నో ఊళ్లకు చేరింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పాఠమే సారాను ఆపిందని నేననను. కూలి డబ్బంతా దుకాణానికి పోవడం, ఇంటికొచ్చి కొట్టడం, వీటిని భరించి భరించి ఉన్నవాళ్లు వాళ్లు. కానీ పక్కపక్కన కూర్చుని చదవడం వల్ల ఎవరి బాధ వాళ్లదిగా ఉన్నది అందరిదీ అయింది. నా నోట్‌బుక్‌లో అలాంటి చదువుకు గడి లేదు.

ఆ రాత్రి నా 15 టిక్కులూ మళ్లీ చూశాను, ఈసారి ఎవరు రాసినవి అని. 12 స్త్రీలవే. సంతోషించబోయాను. అందులో దళిత స్త్రీ రాసింది ఒకటి. ముస్లిం, ఆదివాసీ స్త్రీలవి ఒక్కటీ లేవు. 1921 నుంచి 2002 దాకా వచ్చిన దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల ఒకచోట చేర్చిన 'నల్లపొద్దు' నా అలమారలోనే ఉంది. వ్యాసాల్లో దాన్ని పేర్కొన్నాను కూడా. పూర్తిగా చదవలేదు.

కాబట్టి తొమ్మిది వద్దనుకున్నాం, మూడు చాలు. 'నల్లపొద్దు', షాజహానా 'నఖాబ్' (కవిత్వమే, కానీ ఒక్క పూటలో ముగించం), స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. ఈ మూడోది తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు నోటితో చెప్పిన సంగతులు కనుక పైకి చదివి వినిపించుకోవడానికి బాగుంటుంది. రెండు వారాలకొక ఆదివారం కలుస్తాం. పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చు. ఆ పూట వంట ఇంట్లో మగవాళ్లే చేయాలన్న షరతు మీద ఇంకా వాదన నడుస్తోంది. సగంలో ఆగిన ఆరింటిలో వచ్చే ఏడాది ముందుగా ఏది పట్టాలో ఆ మిత్రురాలే చెబుతుంది. పేరు తీయలేదు.

నోట్‌బుక్‌లో గడులు మార్చాను. ఎవరు రాశారు, ఎవరితో కలిసి చదివాం, ఎక్కడ ఆగాం, ఎందుకు ఆగాం. బల్ల కింది లావుపాటి పుస్తకానికి ఎదురుగా నేనూ 'సగం' అని రాసుకున్నాను. మీ సంఘాల్లో చదువు లెక్క ఎలా రాస్తున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.