ఉంచినవి 84

క్రీ.శ. 755లో, నేటి ఒసాకా ఉన్నచోట, ననివా రేవులో ఒక సైనిక శాఖ ఉద్యోగి చేతికి 166 కవితలు వచ్చాయి. కట్టినవాళ్లు ఆస్థాన కవులు కారు. తూర్పు పల్లెల నుంచి క్యుషు తీరం కాపలాకు బయల్దేరిన సిపాయిలు. ఆయన పేలవమైనవి తీసేసి 84 ఉంచాడు. చెప్పినవాడి పేరు, ప్రాంతం కూడా రాసిపెట్టాడు. షినానో ప్రాంతపు ఒషిమా అనేవాడి కవిత ఒకటి అందులో ఉంది. తల్లిలేని పిల్లలు బట్ట అంచు పట్టుకుని ఏడుస్తుంటే విడిపించుకుని వచ్చేశానంటాడు. పత్రికకు వచ్చిన రచనల కట్ట విప్పిన ప్రతిసారీ నాకు ఆ రేవు గుర్తొస్తుంది.

ఆ ఉద్యోగి ఒతోమో నో యాకమోచి. 20 సంపుటాల 'మన్యోషూ' కూర్పులో ప్రధాన హస్తం ఆయనదే. అందులోని నాలుగున్నర వేల కవితల్లో సుమారు 470 ఆయనవి.

ఒషిమా పిల్లల ఏడుపు ఆయనకు అంత దగ్గరగా వినిపించడం నాకు వింతగా లేదు. తండ్రి తబితో దజైఫులో అధికారిగా ఉండగానే ఇల్లాలు పోయింది. 731లో తబితో కూడా పోయాడు. యాకమోచి అప్పటికింకా కుర్రవాడు. అతణ్ణి దగ్గరకు తీసినది మేనత్త సకనోయే నో ఇరాత్సుమే. మన్యోషూ కవయిత్రుల్లో అందరికంటే ఎక్కువ కవితలు ఆమెవే. తర్వాత ఆమె పెద్దకూతుర్నే యాకమోచి పెళ్లాడాడు. మేనరికమంటే మనకు వేరే చెప్పాలా! మేనత్తే పిల్లనిచ్చిన అత్త, కవిత్వంలోనూ ఇంటి పెద్ద.

746లో ఎచ్చూ ప్రాంతానికి పాలకుడిగా వెళ్లాడు. ఆ ఏడే తమ్ముడు ఫుమిమోచి చనిపోయాడని రాజధాని నుంచి కబురొచ్చింది. దుఃఖంతో కవిత రాసి, దానికి చిన్న వివరణ చేర్చాడు: తమ్ముడికి పూలమొక్కలంటే ప్రాణం, ఇంటి పెరట్లో ఎన్నో నాటాడు అని. పదవి, హోదా చెప్పుకునే కాలంలో తమ్ముడి పెరటి మొక్కల్ని గ్రంథానికి ఎక్కించాడు. నాకు ఆయన మీద ప్రేమ కలిగింది అక్కడే.

ఒతోమో వంశం తరతరాలుగా చక్రవర్తికి అంగరక్షక వంశం. ఫుజివారా వంశపు ప్రాబల్యం పెరిగేకొద్దీ అది చిక్కిపోయింది. 759 సంవత్సరాది నాడు ఇనబాలో, మంచు కురుస్తుండగా, శుభాలూ ఇలాగే పేరుకోవాలని కోరుతూ యాకమోచి ఒక కవిత చెప్పాడు. మన్యోషూ దానితో ముగుస్తుంది. ఆ తర్వాత ఆయన 26 ఏళ్లు బతికాడు. ఆ కాలపు కవిత ఒక్కటీ మనకు దక్కలేదు.

785లో కన్నుమూశాడు. ఇరవై రోజులు దాటినా అంత్యక్రియలు కాలేదు. ఆ లోపే ఫుజివారా నో తనెత్సుగు హత్య జరిగింది. ఆ కుట్రలో, అప్పటికే పోయిన యాకమోచి పేరూ చేర్చారు. హోదా ఊడబెరికారు, కొడుకును ఒకి దీవికి పంపేశారు. ఆ హోదా తిరిగి ఇచ్చింది 806లో.