బార్బేరియన్లను ఆఫ్ చేసి ఆడేవాళ్లతో ఒక పేచీ

మన హాస్టల్లో సివిలైజేషన్ ఆడేవాళ్లు రెండు రకాలు. ఆట మొదలుపెట్టేముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి బార్బేరియన్లు వద్దు అని టిక్ పెట్టేసేవాళ్లు ఒక రకం. టిక్ పెట్టకుండా ఆడి, ముప్పయ్యో టర్న్‌లో వాళ్లొచ్చి వర్కర్‌ని ఎత్తుకుపోగానే రీస్టార్ట్ కొట్టేవాళ్లు రెండో రకం. నా పేచీ ఇద్దరితోనూ. ఆ దోపిడీ మూకను తీసేస్తే ఆటలో అన్నిటికన్నా తెలివైన భాగం పోతుందని నా వాదన. అంతేకాదు, మన చరిత్రలో కొన్ని పేజీలు అర్థం కావాలంటే ఆ మూక ఆన్‌లో ఉండాల్సిందే.

ఎప్పుడూ ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్రీస్తుపూర్వం 4000లో మీ చేతిలో ఒక సెట్లర్, ఒక వారియర్ పెట్టి వదిలేస్తారు. ఊరు కట్టుకోవాలి, చదువు నేర్వాలి, పక్కవాణ్ణి తట్టుకోవాలి. చదరంగంలాగా మీ వంతు అయ్యాక వాళ్ల వంతు. నేను చెప్పేది ముఖ్యంగా 2010లో వచ్చిన ఐదో సివిలైజేషన్ గురించి, దానికి 2013లో వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్ కలిపి. ల్యాప్‌టాప్ మోయలేకపోతుందా? ఫోన్‌లో అన్‌సివ్ అని ఉచితంగా దొరుకుతుంది, ఓపెన్ సోర్స్. బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది గానీ నియమాలు దాదాపు అవే. కర్దనూర్‌లో బస్సెక్కి, పటాన్‌చెరులో లారీల మధ్య ఇరుక్కుని నిలబడ్డ రోజు కనీసం నలభై టర్నులు అయిపోతాయి.

ఇక అసలు లెక్క. మధ్యరకం కష్టంలో, అంటే ప్రిన్స్ స్థాయిలో, మీకు మొదట్లో ఇచ్చే సంతోషం 9. ఊరు ఒకటి ఉన్నందుకు 3 పోతుంది. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి మనిషికీ 1 పోతుంది. రాజధానిలో జనాభా నాలుగైతే 7 ఖర్చు, మిగిలింది 2. ఇప్పుడు ఆవేశపడి రెండో ఊరు కట్టారనుకోండి, ఊరికి 3, మనిషికి 1, మొత్తం 4. మీరు మైనస్ రెండులోకి జారారు. సున్నా దాటి కిందికి వెళ్లగానే జనాభా పెరుగుదల నాలుగో వంతుకు పడిపోతుంది. మైనస్ పదికి దిగితే పెరుగుదలే ఉండదు, కొత్త సెట్లర్లను తయారుచేయనివ్వదు.

దీనికి మందు లగ్జరీ. పట్టు, ద్రాక్ష, ముత్యాలు, దంతం, ఉప్పు లాంటివి. ఒక్కో కొత్త రకానికి 4 సంతోషం. అదే రకం ఇంకోటి దొరికితే మీకు సున్నా, కాబట్టి రెండోదాన్ని పక్క దేశానికిచ్చి వాడి దగ్గరున్న వేరే రకం తెచ్చుకోవాలి. మొదటి వంద టర్నులలో ఆట అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. రెండో ఊరు ఎక్కడ కట్టాలి అంటే నది పక్కన అని చాలామంది చెబుతారు. నన్నడిగితే మీ దగ్గర లేని లగ్జరీ ఎక్కడుందో అక్కడ. నది లేకపోయినా ఫర్వాలేదు. (మన దేశాన్ని ఎంచుకుంటే లెక్క తిరగబడుతుంది. ఊళ్ల సంఖ్య వల్ల వచ్చే అసంతృప్తి రెట్టింపు, మనుషుల వల్ల వచ్చేది సగం. తక్కువ ఊళ్లు, కిక్కిరిసిన ఊళ్లు. ఎవరు రాశారో గానీ అమీర్‌పేట చూసి రాసినట్టుంది.)

బార్బేరియన్లు దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే. మనోళ్లు వాళ్లను యుద్ధం సమస్య అనుకుంటారు. కాదు. వాళ్లకు ఊరును పట్టుకునే ఉద్దేశమే తక్కువ. పొలిమేరలో ఉన్న మీ గనిని, తోటను తగలబెట్టి పోతారు. ఆ గని ఉప్పుదైతే ఉప్పు పోయింది. ఉప్పుతోపాటు 4 సంతోషం పోయింది. నిన్నటిదాకా ప్లస్ రెండులో ఉన్నవాళ్లు ఈ రోజు మైనస్ రెండు, ఊళ్లన్నిటి ఎదుగుదల నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక్క దొంగ ఒక్క గనికి నిప్పు పెడితే ఇరవై గడుల అవతల రాజధానిలో పిల్లలు పుట్టడం బాగా తగ్గిపోతుంది. గనిని బాగుచేయడానికి వర్కర్ ఉన్నాడా? వాణ్ణే కదా ఎత్తుకుపోయింది.

ఇదే దారి అటునుంచి ఇటు కూడా నడుస్తుంది. మీ సంతోషం మైనస్ ఇరవైకి దిగజారితే మీ సరిహద్దు లోపలే తిరుగుబాటుదార్లు పుట్టుకొస్తారు. వాళ్లను ఆట ఏ జట్టులో వేస్తుందో తెలుసా? బార్బేరియన్ల జట్టులో. నిన్నటిదాకా మీ పౌరులు. మొన్న మీకు పన్ను కట్టారు. మ్యాప్ మీద రంగు మారిందంతే.

ఇంకో నియమం ఉంది, నాకు బాగా నచ్చినది. బార్బేరియన్ క్యాంప్ ఎవరి కంటికీ కనబడని గడిలోనే పుడుతుంది. మీ మనిషి ఒకడు కొండ మీద ఊరికే కూర్చుని చూస్తున్నంతసేపూ ఆ చుట్టుపక్కల క్యాంప్ లేవదు. వాడు కత్తి దూయనక్కర్లేదు. అందుకని నేను మొదట్లో ఒక స్కౌట్, ఆ వెంటనే ఇంకో వారియర్ తయారుచేస్తాను. అద్భుత కట్టడాల జోలికి వెళ్లను. వారియర్‌ను గుట్ట మీద కూర్చోబెడతాను. సెట్లర్ ఒంటరిగా అడుగు బయటపెట్టడు, పక్కన ఒకడుంటాడు. అప్పటికే లేచిన క్యాంప్ ఉంటే, దగ్గర్లో ఏ నగర రాజ్యమైనా "దీన్ని తీసేయండి" అని అడుగుతోందా చూస్తాను. అడిగాక తీస్తే క్యాంప్‌లో దొరికే 25 బంగారంతోపాటు వాళ్ల స్నేహమూ వస్తుంది. ఆ నగరం వర్తక నగరమైతే స్నేహంతోపాటు సంతోషం కూడా. ఒకే పనితో దొంగలూ తగ్గారు, జనమూ కుదుటపడ్డారు. హానర్ పాలసీ మొదట తీసుకుంటే బార్బేరియన్ల మీద బలం పెరుగుతుంది, నిజమే. నేను తీసుకోను. రాజధానిలో జనాన్ని చల్లబరిచే ట్రెడిషన్ దారే నాది. దీనిమీద మా రూమ్‌లో ఇప్పటికీ గొడవే.

"గేమ్ గురించి ఇంత సీనెందుకురా" అంటారు. సరే, గేమ్ పక్కన పెడదాం.

కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆయన ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు. ఇంటర్‌లో పద్యం తాత్పర్యం బట్టీ కొట్టి వదిలేశాం గానీ, ఒకసారి గేమ్ గైడ్ చదివినట్టు చదివి చూడండి. అడవుల్లో కొండల్లో ఉండేవాళ్ల మీద కోపం పెట్టుకుంటే వాళ్లను తుడిచెయ్యడం రాజు వల్ల అయ్యే పని కాదనీ, ఇచ్చి మంచి చేసుకుంటే శత్రువు మీదికి పనికొస్తారనీ అందులో ఉంది. ఆరో సివిలైజేషన్‌కు 2021 ఫిబ్రవరిలో బార్బేరియన్ క్లాన్స్ అనే మోడ్ వచ్చింది. క్యాంప్‌కు డబ్బిచ్చి మన జోలికి రాకుండా చూసుకోవచ్చు, వాళ్ల సైనికుణ్ణి కూలికి తెచ్చుకోవచ్చు, పక్కవాడి మీదికి ఉసిగొల్పవచ్చు. రాయలవారి సలహాకు మీట పెట్టారంతే. రాయలు ఇక్కడ దయతో మాట్లాడటం లేదు, అది గుర్తుంచుకోవాలి. అడవి జనం బాగుండాలని కాదు, పనికి రావాలని.

అదే ఆశ్వాసంలో అంతకన్నా పదునైన మాట ఇంకోటుంది. కష్టం వచ్చి జనం ఊరు విడిచిపోతుంటే వాళ్లను వెనక్కి పిలవకుండా, వాళ్ల గొడ్డూ గింజా అమ్ముకుని సొమ్ము చేసుకునే అధికారి ఉంటే, ఆ రాజుకు భూమి అంతా దక్కినా సుఖం లేదంటాడు. చెరువులు, కాలవలు తవ్వించి, బీద రైతుకు పన్ను తగ్గించమంటాడు. దొంగల మాటా పన్నుల మాటా ఒకే ఆశ్వాసంలో, ఒకే నోట. ఐదో సివిలైజేషన్ లెక్క కూడా అదే కదా.

లెక్క తప్పినప్పుడు ఏమవుతుందో గుంటూరు చూసింది. 1816 మార్చిలో నర్మద దిక్కు నుంచి పిండారీలు గుర్రాల మీద వచ్చి గుంటూరు మీద పడ్డారు. రెండు వారాలు నిండకముందే 339 ఊళ్లు దోచారు, 182 మందిని చంపారు. చిత్రహింసలు పడ్డవాళ్లు వేలల్లో. గుంటూరులో కాపలా పెంచితే ఆగేది కాదది, క్యాంప్ ఎక్కడో నర్మద ఒడ్డున ఉంది. పిండారీల్లో చాలామంది మరాఠా సైన్యాల వెంట తిరిగి, జీతం లేక దోపిడీ మీదే బతికినవాళ్లు. చివరికి 1817, 18లలో కంపెనీవాళ్లు పెద్ద సైన్యంతో చుట్టుముట్టారు. కానీ ఒక్క కత్తితోనే ముగించలేదు. పిండారీలను వెంటేసుకు తిరిగిన అమీర్‌ఖాన్‌ను టోంక్ నవాబును చేశారు, కరీంఖాన్‌కు గోరఖ్‌పూర్ వైపు భూమి ఇచ్చారు. లొంగని చీతూను అడవిలో పులి తినేసింది. టోంక్ సంగతి చూస్తే, క్లాన్స్ మోడ్‌లో క్యాంప్ కాస్తా నగర రాజ్యం అయిపోయినట్టే ఉంటుంది.

ఇంతవరకూ నేను ఆటను పొగుడుతూనే వచ్చాను. ఒక్కచోట మాత్రం దాంతో నాకు పడదు, ఆ పేరు దగ్గర.

ఐదో సివిలైజేషన్‌లో క్యాంప్ అంటే మంట, గుడారం, 25 బంగారం. అందులో ఉన్నవాడికి భాష లేదు, కోరిక లేదు, మాట్లాడదామంటే మీట లేదు. ఇప్పుడు 1940 నాటి జోడేఘాట్‌ను ఆ మ్యాప్ మీద పెట్టండి. ఇవాళ్టి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది ఆ ఊరు. అడవిని సర్కారు రిజర్వు చేసింది, గోండులు దున్నుకుంటున్న నేల వాళ్లది కాదంది, పశువులు మేస్తే రుసుం అంది. కుమురం భీం జనాన్ని కూడగట్టాడు. నిజాం పోలీసులు గుట్టెక్కి కాల్చారు, భీం చనిపోయాడు. పోలీసుల వైపు నుంచి చూస్తే అదొక క్యాంప్, దాన్ని ఖాళీ చేశారు. గోండుల వైపు నుంచి చూస్తే అది వాళ్ల ఊరు.

తర్వాత జరిగింది మన పాఠాల్లో తక్కువ చెబుతారు. ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఒక మనిషిని పంపింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త, హైమెన్‌డార్ఫ్. ఆయన గోండుల మధ్య ఉండి, భాష నేర్చి, అసలు జబ్బు భూమి అని రాశాడు. ఆ దశకంలోనే భూమి పట్టాలిచ్చే పని మొదలైంది, మార్లవాయిలో గోండు పిల్లలకు చదువు చెప్పేందుకు పంతుళ్లను తయారుచేశారు. తుపాకీ ముందు, ప్రశ్న తర్వాత. అదే వరస తిరగేసి ఉంటే అనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఆ అసంతృప్తి రాత్రికి రాత్రి మైనస్ ఇరవైకి పడలేదు. ఒకటొకటిగా దిగింది. ఆటలో ఆ అంకె మీ తెర పైన మొదటి టర్న్ నుంచీ కనబడుతూనే ఉంటుంది. జోడేఘాట్‌కు అలాంటి తెర ఏదీ?

అంత దూరం ఎందుకు, మన పటాన్‌చెరుకు ఏదీ? ఇక్కడ ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. ఆటలో అయితే ఉత్పత్తి అంకె చూసి మురిసిపోయే దశ అది. వాటి మురికి నక్కవాగులో కలిసి, పొలాలు చెడి, మంజీర వైపు పోతుంటే రైతుల గోడు వినిపించడానికి వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడివాళ్లు గుర్రాలెక్కి ఎవర్నీ దోచలేదు, అర్జీలే పెట్టారు. అర్జీ పెట్టే అసంతృప్తికి ఆటలో బొమ్మ లేదు. ఉండాలి.

2025లో వచ్చిన ఏడో సివిలైజేషన్‌లో బార్బేరియన్ అన్న మాటే తీసేశారు. ఇప్పుడు వాళ్లు స్వతంత్ర జనాలు. శత్రుత్వమూ ఉంటుంది, స్నేహం చేస్తే నగర రాజ్యమూ అవుతారు. నాకు నచ్చింది. ధర నచ్చలేదు, నా ల్యాప్‌టాప్‌కు అసలే నచ్చలేదు.

అందుకే మళ్లీ అన్‌సివ్ దగ్గరికే వస్తాను. అందులో కొత్త దేశాన్ని చేర్చడానికి కోడింగ్ కూడా పెద్దగా అక్కర్లేదు, జేసన్ ఫైళ్లు రాస్తే చాలు. అది మనకు సెకండియర్‌లోనే వచ్చు. కాకతీయులను చేర్చే పని నేను మొదలుపెట్టాను. రాజధాని ఓరుగల్లు, పాలించేది రుద్రమ. ప్రత్యేక కట్టడం చెరువు, రామప్ప, పాకాల లాంటిది: తిండి 2, సంతోషం 1. కొలోసియం 2 ఇస్తుంది కాబట్టి చెరువుకు 1 తక్కువేమో అని నా రూమ్మేట్ అంటున్నాడు, ఎక్కువ పెడితే ఆట మరీ సులువైపోతుందని నా భయం. క్యాంపుల దగ్గర మాత్రం పని ఆగింది. వాటికి ఏ పేరు పెట్టాలో, డబ్బిచ్చే మీట కాకుండా భూమి ఇచ్చే మీట ఎలా పెట్టాలో తేలలేదు. ఫైల్ క్లబ్ డ్రైవ్‌లో ఉంది. బార్బేరియన్లను ఆఫ్ చేసి ఆడేవాళ్లయినా సరే, ఐడియా ఉంటే వచ్చి రాయండి.