కారు క్రింద ఒకసారి చూడండి



మా సంఘస్థులు ప్రేమతో చందాలు వేసుకొని మాకు ఒక పాత కారు కొనిచ్చారు. అంతకుముందు చుట్టుప్రక్కల గ్రామములలోని కూటములకు సైకిలు మీద, ఆటోల మీద తిరిగినవారము గనుక దానిమీద మాకు అభిమానము ఎక్కువ. క్రిస్మసు వస్తున్నదని 2023 నవంబరులోనే దానికి రంగు వేయించి, సీట్లకు కొత్త కవర్లు కుట్టించాము. అప్పటికి రెండు నెలలుగా బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము తగ్గుతూనే ఉన్నది. తగ్గినప్పుడల్లా కొంచెము పోసి మూత బిగించేవారము. "ఏమండీ, ఆ ఆయిలు ఎక్కడికి పోతున్నట్టు?" అని మా భార్య ఒకసారి అడిగింది. "పాత బండి గదా, తాగుతుంది" అని చెప్పి ఊరుకున్నాము.

డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటింది. మన డెల్టాలో కోసిన చేలు నీట నానినవి. మీకు జ్ఞాపకముండే ఉంటుంది, ఎండ రాగానే తడిసిన ధాన్యమంతా రోడ్లమీదికి వచ్చింది. ఆ వారములోనే నిండు చూలాలైన ఒక సహోదరిని, ఆమె తల్లిని ఎక్కించుకొని మొవ్వనుండి బందరు ఆసుపత్రికి బయలుదేరాము. ప్రార్థన చేసుకొనే బయలుదేరాము. కాలువ గట్టు వెంబడి ఒక మలుపు తిరిగేసరికి రోడ్డులో సగము ధాన్యము. దానిని కాళ్ళతో తిరగేస్తూ మాకు వీపు పెట్టి ఒక ముసలమ్మ. బ్రేకు తొక్కాము. పెడలు మెత్తగా క్రిందికి పోయింది. మళ్ళీ తొక్కాము, మళ్ళీ తొక్కాము. గేరు తగ్గించి హాండు బ్రేకు లాగితే కారు ధాన్యపు రాశిలోకి ముక్కు దూర్చి ఆగింది. ఆ తల్లికి మాకు నడుమ రెండు బారలు కూడ లేదు. "అయ్యగారూ, గింజలు తొక్కేశారే!" అన్నది ఆమె. జరుగబోయినది ఏమిటో ఆమెకు తెలియలేదు. వెనుక సీటులో ఉన్నవారికి తెలిసింది.

సహోదరిని ఆటోలో పంపి మెకానిక్కును పిలిపించాము. అతడు గోనె పరచుకొని కారు క్రిందికి దూరి, "పాస్టరుగారూ, మీరు కూడ వచ్చి చూడండి" అన్నాడు. కొత్త చొక్కాతోనే పడుకొని చూశాము. వెనుక చక్రములకు పోయే సన్నని ఇనుప గొట్టము ఒకచోట తడిగా ఉన్నది. అతడు గోటితో గీరితే తుప్పు పెచ్చులుగా రాలింది.

మనము పెడలు తొక్కినప్పుడు మాస్టరు సిలిండరు ఆ ఆయిలును ఇనుప గొట్టములలోనుండి, చక్రముల దగ్గరి రబ్బరు గొట్టములలోనుండి నెట్టుతుంది. గట్టిగా తొక్కితే వాటిలో పుట్టే ఒత్తిడి లారీ టైరులోని గాలికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత నెమ్మదిగా నడిపినంత కాలము చెమ్మగా మాత్రమే ఊరే గొట్టము, ప్రాణముమీదికి వచ్చి గట్టిగా తొక్కిన క్షణముననే పగులుతుంది. మా బండిలో ఆయిలుకు రెండు దారులున్నవి గనుక ఒక దారి పోయినా రెండవది కొంత పట్టింది. బాగా పాత కాలపు కార్లలో చాలావాటికి ఒకటే దారి. అది పోతే నాలుగు చక్రములూ పోయినట్టే.

ఈ తుప్పుకు మన ప్రాంతము మరీ అనుకూలము. మా కారు మొదటి యజమాని దగ్గర బందరులో సముద్రపు గాలిలో ఉన్నదట. ఉప్పు చెరువుల గట్లమీద, రొయ్యల బండ్లనుండి కారిన నీటిలో తిరిగే కార్ల సంగతి చెప్పనక్కరలేదు. గొట్టమును పట్టి ఉంచే క్లిప్పుల దగ్గర బురద చేరి చెమ్మ ఆరదు. పైగా బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది గనుక లోపలినుండి కూడ తినేస్తుంది. రెండేండ్లకొకసారి ఆయిలు పూర్తిగా మార్చవలెనని చెప్పేది ఇందుకే. మేమైతే పోయడమే గాని మార్చినది లేదు.

అమెరికాలో చలి రాష్ట్రములలో మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. అక్కడ పాత వాహనముల బ్రేకు గొట్టములు తుప్పుపట్టి పగులుతున్నవని ఫిర్యాదులు వచ్చి, ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ విచారించి 2015లో హెచ్చరిక చేసింది. చలికాలము పోగానే కారు అడుగు కడిగించండి, 2007 గాని అంతకు ముందటి గాని మోడలు బండి అయితే గొట్టములు చూపించండి, తుప్పు కనబడితే ముక్క కాదు మొత్తము మార్పించండి అన్నది ఆ మాట. చదువుకు వెళ్ళిన మన పిల్లలు అక్కడ మొదట కొనేది పాత కారే. ఫోనులో వారికి ఈ మాట చెప్పండి.

ఇక్కడ సొంత కారుకు పదిహేనేండ్లు నిండితే అధికారి చూచి రిజిస్ట్రేషను అయిదేండ్లకు పొడిగిస్తారు. మధ్యలో చూచుకోవలసినది మనమే. ఇంజను నడుస్తుండగా పెడలును ఒక నిమిషము గట్టిగా తొక్కి పట్టండి. నెమ్మదిగా దిగిపోతే బండి కదపవద్దు. ప్యాడ్లు అరిగినా మట్టము కొంచెము తగ్గుతుంది గాని, మాటిమాటికి తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. చక్రముల లోపలి వైపు తడి ఉన్నదేమో చూడండి. ఫ్రిజ్జులవారి రాగి గొట్టము అతికించి పంపుతామంటే ఒప్పుకోవద్దు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మేడకు పిట్టగోడ కట్టించుకోవలెనన్న ఆజ్ఞ ఉన్నది గదా. కట్టక ఎవరైన పడితే దోషము ఇంటివానిదే. దానిమీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఒక్కసారి కూడ కారు జ్ఞాపకము రాలేదు.

గొట్టములన్నీ మార్పించినందుకు అయినది సీటు కవర్లకు పెట్టినదానికంటె తక్కువ. ఆ సహోదరికి ఆటోలో వెళ్ళిన రాత్రే ఆడపిల్ల పుట్టింది. ముసలమ్మగారి ధాన్యమునకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కారు తీసి గింజలు చేటతో ఎత్తి పొమ్మన్నది. ఎత్తాము. ఇప్పుడు డిక్కీలో ఒక గోనె ఉంచుకున్నాము. నెలకొక ఆదివారము ఆరాధన అయిన తరువాత అది పరచి కారు క్రింద పడుకొంటున్నాము. సంఘపు పిల్లలు చుట్టూ చేరి నవ్వుతున్నారు.