ఉషస్తి ఇంటికి తెచ్చిన కుల్మాషములు

పశుపతినాథ దర్శనార్థము నేపాలదేశమునకు పోవు తెలుగు యాత్రికుల సంచులను విప్పి చూచినచో సగము ఆహారమే కనబడును. కందిపొడి, ఆవకాయ, జంతికలు, అటుకులు. ఆచారరక్షణకై ఇంటి వంటను వెంట తీసికొనిపోవుట శ్లాఘ్యమే. కాని ఆ యాత్రికులే తిరుగు ప్రయాణమున విమానాశ్రయపు అంగడిలో రంగురంగుల మిఠాయి ప్యాకెట్లను, అందులో ఏమున్నదో చదువకయే, బంధువులకై కొనుచున్నారు. ఖాట్మండు వీథిలో ఒక వృద్ధురాలు కన్నులయెదుట వేయించి తీసిన సెల్ రోటీ అశుచి. ఎవరు ఎక్కడ దేనితో చేసిరో తెలియని ప్యాకెట్ శుచి! ఈ తారతమ్యము ఏ శాస్త్రమునుండి వచ్చినదో విచారింపవలసియున్నది.

ఛాందోగ్యోపనిషత్తులో సనత్కుమారుడు నారదునకు ఆహారశుద్ధివలన సత్త్వశుద్ధి కలుగునని ఉపదేశించెను. శంకర భగవత్పాదులు అచ్చటి ఆహారశబ్దమునకు ఇంద్రియములు గ్రహించు విషయములని అర్థము చెప్పిరి. రామానుజాచార్యులు భుజించు అన్నమనియే గ్రహించి జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములను మూటిని పేర్కొనిరి. మొదటిది పదార్థస్వభావమునుబట్టి, రెండవది అన్నము ఎవరిదో దానినిబట్టి, మూడవది వెండ్రుక, ఎంగిలి మున్నగువాని స్పర్శవలన కలుగును. ఈ మూటిలో పరదేశము అను దోషము లేదు.

సెల్ రోటీ అనగా ఏమి? నానిన బియ్యమును రుబ్బి, చక్కెర, నెయ్యి చేర్చి, వలయాకారముగా వేయించిన పిండివంట. దశైం, తిహార్ పండుగలకు అక్కడివారు చేసికొనునది. మన అరిసెకు దూరపు చుట్టము. మార్గశీర్ష పూర్ణిమకు నేవారులు క్రొత్త బియ్యపు పిండిలో బెల్లపు పాకము, నువ్వులు పెట్టి ఆవిరిపై ఉడికించు యోమరిని చూచి సంక్రాంతి స్మరణకు రాని తెలుగువాడుండడు. మినుములు రుబ్బి పెనముపై కాల్చు బారా రంధ్రము లేని గారెయే. ఐతే దానిపై గ్రుడ్డుగాని మాంసముగాని వేయు వాడుక కలదు. మోమోలలో గేదెమాంసము సామాన్యము. కావున అడిగి తెలిసికొనవలెను. అడుగుటకు సిగ్గుపడువాడు తినకుండుటయే మేలు.

వండినవారెవరో తెలియదు గదా అను ఆక్షేపము బలమైనదే. దీక్షలోనున్నవారును, స్వయంపాకనియమము గలవారును వీథిభోజనమును విడువవలసినదే. కాని స్వగ్రామమున నిత్యము హోటలులో ఇడ్లీ తినువాడు ఖాట్మండులో మాత్రము ఆశ్రయదోషమును స్మరించుట నియమము కాదు, భయము.

ఉషస్తి చాక్రాయణుని కథ కూడ ఛాందోగ్యములోనిదే. వడగండ్లచే పాడైన కురుదేశమున ఆకలిగొన్న ఆ బ్రహ్మవేత్త, ఒకడు తినుచున్న కుల్మాషములను, అనగా నాసిరకపు మినుములను, యాచించి తినెను. కాని వాడిచ్చిన నీటిని ఎంగిలియని త్రాగలేదు. మినుములు తినకున్న బ్రతుకడు, నీరు మరియొకచోట దొరకును. ఈ కథను ఆధారముగా గొనియే సర్వాన్నానుమతి ప్రాణాపాయముననే అని బ్రహ్మసూత్రములు నిర్ణయించినవి. తీర్థయాత్ర ప్రాణాపాయము కాదు. ఉషస్తియే తినెను గదా అని మోమోను సమర్థించుకొనుటకు వీలులేదు.

కథలోని ఉత్తరభాగమును తఱచుగా చెప్పరు. మిగిలిన కుల్మాషములను ఉషస్తి తన భార్యయైన ఆటికీకి తెచ్చి ఇచ్చెను. ఆమెకు అంతకుముందే మంచి భిక్ష లభించినది. వాటిని తినక దాచెను. మరునాటి ప్రాతఃకాలమున ఉషస్తి వాటినే తిని రాజుగారి యజ్ఞమునకు వెళ్లెను. తెచ్చుట భర్త పని. తినుటయా, దాచుటయా అనునది ఆమె నిర్ణయము.

నేడు ఆ నిర్ణయమే ఇంటివారి చేతినుండి తొలగిపోవుచున్నది. ఏకాదశీవ్రతము పాటించు తల్లికి కుమారుడు పరదేశపు మెత్తని మిఠాయిని ఇచ్చి, "ఏమీ లేదమ్మా, ఉత్త చక్కెరే" అనును. అటువంటి మిఠాయిలలో అనేకము జెలటిన్‌తో చేయబడును. అది జంతువుల చర్మాస్థులనుండి తీయబడునది. కొన్ని గట్టి చీజులకు దూడ కడుపునుండి తీసిన రెనెట్ వాడుదురు. మన ప్యాకెట్లపై ఉండు ఆకుపచ్చ చుక్క అక్కడివానిపై ఉండదు. కుమారునకు దురుద్దేశము లేదు, నిజమే. కాని ఏబది ఏండ్లుగా కాపాడుకొన్న నియమము ఆమె ఎరుగకయే భగ్నమైనది. తెలిసిన తప్పునకు ప్రాయశ్చిత్తమైనను చేసికొనగలదు. తెలియనిదానికి ఏమి చేయును? వీథిలో తాను తిన్నదాని ఫలము, దోషమే అయినచో, కుమారునితోనే పోవును. ఇది అట్లు పోదు.

ఏమి తేవలెనని అడుగువారికి ఖాట్మండులో సులభమైన సమాధానము లప్సీ. ఆ పుల్లని పండు గుజ్జును ఎండబెట్టి, ఉప్పు, కారము, చక్కెర చేర్చి తిత్తౌరా చేయుదురు. మామిడితాండ్ర ఎరిగిన నాలుకకు దానిని పరిచయము చేయనక్కరలేదు. పైనున్న పదార్థముల పట్టికను చదివి వినిపించి పెద్దల చేతికి ఈయవలెను. భక్తపూర్‌లో మట్టిపాత్రలలో తోడుపెట్టు జుజు ధౌ అను గేదెపాల పెరుగు మాత్రము ప్రయాణమునకు ఆగదు. అది అక్కడనే తిని రావలసినది.