చక్రమునకును చోటు వలయును



కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతములలో సాగరు ఎడమకాలువ నీటితో వరి పండుచున్నది. ఆ ధాన్యమును కళ్లమునుండి కొనుగోలు కేంద్రమునకును, అచ్చటినుండి బియ్యపు మిల్లులకును చేర్చుటలో పికప్ బండి నేడు అనేక కుటుంబములకు జీవనాధారమైనది. బండి పురుషుని పేర నున్నను దాని నెలసరి కంతు ఇంటిల్లిపాదికిని సంబంధించినదే. పెక్కుచోట్ల మొదట కట్టిన సొమ్ము ఇల్లాలి పొదుపు సంఘమునుండి వచ్చినదై యుండును. కావున టైరుల మాట మన పుటలకు తగనిదని మేము తలపము.

కోదాడ చెంతనుండి ఒక సోదరి మాకిట్లు వ్రాసిరి: "మావారు బండికి పాత టైరులు తీయించి పెద్దవి వేయింప దలచినారు. కాలువకట్ట దారులలో దిగబడదనియు, చూచుటకును ఠీవిగా నుండుననియు అనుచున్నారు. తోటి బండివారొకరు అట్లే వేయింపగా, సరకుతో మలుపు తిరుగునపుడు గరగరమని రాసుకొనుచున్నవట. మడ్గార్డు కొంచెము కోసిన సరిపోవునని దుకాణదారు చెప్పెనట. నాలుగు టైరులకును కావలసిన సొమ్ము నేను సంఘమున తీసికొన్న అప్పే. ఇయ్యవచ్చునా?"

టైరులకు సొమ్ము ఇయ్యవచ్చును. పెద్ద టైరులకు మాత్రము కొలత చూడక ఇయ్యరాదని మా సమాధానము. కారణములను వివరింతుము.

చక్రములతో ఆడువారికేమి పని యని యెవరైన ననినచో వారికి కైకను జ్ఞాపకము చేయుడు. దేవాసుర యుద్ధమున దశరథుని రథపు ఇరుసుచీల ఊడిపోగా, ఆమె ఆ రంధ్రమున తన చేయి నుంచి రథమును నిలిపెనని అధ్యాత్మ రామాయణము చెప్పుచున్నది. యుద్ధమున మునిగియున్న రాజు ఆ సంగతి నెరుగనేలేదు. తోలువాని దృష్టి దారిమీద నుండును. చక్రమువైపు చూచు కన్ను మరియొకటి యింట నుండుట మంచిదే.

పూర్వపు ఎడ్లబండి చక్రమునకు ఈ చిక్కు లేదు. కమ్మరి ఇనుపపట్టాను కాల్చి, వేడికి సాగియున్నపుడే చెక్కచక్రమునకు తొడిగి, నీరు పోసి బిగియించెడివాడు. ఆ చక్రమునకు పైన కప్పు లేదు. అది తనంతట ప్రక్కకు తిరుగదు. బరువు వేసినను దాని ఆకారము మారదు. పికప్ బండి చక్రమో మడ్గార్డు క్రింద నొదిగి యుండును. ముందుచక్రములు కుడియెడమలకు తిరుగును. కమాను కట్టలు వంగినపుడు చక్రము పైకి లేచును. పైగా 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు పేటెంటు పొందిన గాలి టైరు సంతతిదగుటచే, బరువు పడినపుడు దాని కడుపు ప్రక్కలకు ఉబ్బును. దుకాణమునందు ఖాళీబండికి తొడిగి, చక్రములు తిన్నగా నుంచి, వ్రేలు దూరుచున్నదిగదా యని చూపుట పరీక్ష కానేరదు. చక్రమునకు కావలసిన చోటు అది నిలిచియున్నపుడు కనబడు చోటు కాదు. నిండు బరువుతో, నిండుగా తిరిగి, గుంటలో ఎగిరినపుడు దానికి పట్టు చోటు.

ఇప్పుడు లెక్క చూతము. టైరు ప్రక్కన 215/75 ఆర్ 15 అని అచ్చు ఉన్నదనుకొనుడు. 215 అనునది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 75 అనగా ఆ వెడల్పులో నూటికి డెబ్బదియైదు వంతులు ప్రక్కగోడ ఎత్తు. ఆర్ అనునది రేడియల్ అల్లికకు గుర్తు. 15 అనగా రిమ్ము వ్యాసము పదునైదంగుళములు, అనగా 381 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ 161¼, పైనొకటి, క్రిందనొకటి కలిసి 322½, రిమ్ముతో కూడిన మొత్తము 703½ మిల్లీమీటర్లు. దాని స్థానమున 235/75 ఆర్ 15 వేసినచో, ఇదే లెక్కను 733½ వచ్చును. భేదము 30 మిల్లీమీటర్లు. ఇందులో సగము ఇరుసు క్రిందను, సగము పైనను పోవును. అనగా బండి నేలనుండి లేచునది ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. మడ్గార్డుతో నున్న ఎడమునుండి తరుగునదియు అంతే. వెడల్పున 20 మిల్లీమీటర్లు పెరుగును గనుక, అదే రిమ్ము మీద లోపలివైపున పది, వెలుపలివైపున పది చొప్పున చోటు తగ్గును. కాలువకట్ట గుంట యొక జానెడు లోతుండగా ఈ ఒకటిన్నర సెంటీమీటరు ఏపాటి యుపకారము చేయునో మీరే యోచింపుడు.

కొన్ని బండ్ల టైరులపై 7.00 ఆర్ 15 వంటి గుర్తుండును; అచ్చట మొదటి సంఖ్య అంగుళములలో వెడల్పు. అట్టివానికి పై లెక్క కుదురదు. రెండు టైరుల నిండు వ్యాసములను కంపెనీ పట్టికలో చూపుమని యడుగవలెను.

రాసుకొను స్థలములు ముఖ్యముగా మూడు. మొదటిది, స్టీరింగు కొసదాక త్రిప్పినపుడు ముందు టైరు అంచు మడ్గార్డు లోపలి ప్లాస్టిక్ రేకునకో, చక్రము వెనుక వ్రేలాడు రబ్బరు రేకునకో తగులుట. రెండవది, టైరు లోపలి ప్రక్క చాసిస్ దూలమునకో కమాను కట్టకో తగులుట. మూడవది, నిండు బరువుతో గుంటలో పడినపుడు టైరు నెత్తి మడ్గార్డు కప్పునకు కొట్టుకొనుట. రబ్బరు రేకునకు తగిలిన చప్పుడే వచ్చును. ఇనుపయంచునకు తగిలిన టైరు కోసుకొనిపోయి లోపలి దారములు బయటపడును. వేసవి యెండలో, జాతీయ రహదారి వేగమున, అట్టి టైరు పగిలినచో నష్టపోవునది టైరు వెల మాత్రమే కాదు.

అసలు కొలత టైరులే రాసుకొనుచున్నచో తప్పు టైరునందు లేదు. కమాను కట్టలో ఒక ఆకు విరిగియుండవచ్చును. కట్టను ఇరుసునకు బిగించు నడిమి బోల్టు తెగి ఇరుసు వెనుకకు జరిగియుండవచ్చును. లేక బరువు హద్దు మీరియుండవచ్చును. మొదట వానిని మేస్త్రీచేత చూపింపవలెను.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదము. ముగ్గుపిండిని చిక్కగా తడిపి, టైరు రెండు భుజములకును పూయుడు, ఆరనిండు. బియ్యపుపిండి ముద్దలు ఉసిరికాయంతవి చేసి, మడ్గార్డు లోపల కప్పునకు రెండు మూడు చోట్ల అంటింపుడు. ఇదంతయు ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు పెట్టిన పిమ్మటనే చేయవలెను. జాకీ మీద నున్న బండి క్రిందికి చేయి చాపరాదు. తరువాత తోలువారు హద్దులోని నిండు బరువుతో, ఖాళీ స్థలమున, మెల్లగా, స్టీరింగును కుడికొసకును ఎడమకొసకును త్రిప్పుచు, ముందునకును వెనుకకును నడుపవలెను. ఒక చక్రము మాత్రము ఎత్తుమీద కెక్కునట్లు ఒకసారి పోనిండు. ముగ్గు చెరిగినచోట టైరు తగిలినది. నలిగిన ముద్ద మందమెంతయో అచ్చట మిగిలిన చోటంతయే. కొత్త టైరులు కొనకముందే పాతవానితో ఈ పరీక్ష చేసినచో, ఎంత పెరుగుదలకు తావున్నదో ముందే తెలియును. ముద్ద ఒకటిన్నర సెంటీమీటరు కంటె పలుచనైనచో పైన చెప్పిన పెద్ద టైరు అచ్చట పట్టదు.

ఇక దుకాణములలో చెప్పు ఉపాయములు. రబ్బరు రేకు మాత్రమే తగులుచున్నచో దానిని సవరించి కట్టుట తప్పు కాదు. స్టీరింగు తిరుగుడు హద్దు మరను బిగించిన చప్పుడు పోవును. కాని బండి చుట్టు తిరుగుటకు ఎక్కువ చోటు పట్టి, ఊరి సందులలో ముందుకు వెనుకకు పదిమారులు నడుపవలసి వచ్చును. రిమ్మును వెలుపలికి జరుపు పళ్లెములు వేసినచో, లోపల మానిన ఒరపిడి వెలుపలి అంచున మొదలగును. చక్రపు బేరింగులపై భారము హెచ్చును. కొండనాలుకకు మందు వేయ ఉన్న నాలుక ఊడినట్లనుట దీనికే తగును. బండిని ఎత్తు చేయించినచో, ధాన్యపు బస్తాలు పేర్చిన బండికి బరువు మరింత పైకి పోయి, మలుపులో ఒరుగు ప్రమాదము పెరుగును. మడ్గార్డు ఇనుమును కోసినచో ఆ యంచు కత్తివలె నిలిచి, వానకు త్రుప్పు పట్టును. సరియైన కొలత టైరులు వేయుటయే ఒరపిడికి మొదటి మందు, కడపటి మందు కూడ.

పెద్ద టైరు బలమైన టైరని పలువురి భ్రమ. బలము తెలుపు సంఖ్య వేరు. కొలత తరువాత 100, 104, 108 అనునట్టి బరువు సంఖ్య యుండును. నిర్ణీతమైన గాలితో 100 అన్న టైరు 800 కిలోలును, 104 అన్నది 900 కిలోలును, 108 అన్నది 1,000 కిలోలును మోయగలదు. వెడల్పైన కారు టైరు 100 అయి, సన్నని సరకుబండి టైరు 108 కావచ్చును. అప్పుడు ఠీవిగా నున్నదే బలహీనమైనది. పెద్ద చక్రమునకు బ్రేకు పట్టును కొంత తగ్గును. వేగము చూపు ముల్లు 60 అన్నపుడు, పై యుదాహరణలో, బండి నిజముగా 62½ కిలోమీటర్ల వేగమున పోవుచుండును.

చట్టమును మరువరాదు. సరకు బండి రిజిస్ట్రేషను వివరములలో టైరుల సంఖ్యయు కొలతయు చేరియుండును. తయారు చేసినవారు చెప్పిన ఆ వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019 సవరణ అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాను గాని, ఆరు నెలలవరకు ఖైదును గాని, రెంటిని గాని నిర్ణయించినది. ప్రమాదము జరిగిన నాడు బీమావారు ఈ మార్పును పట్టుకొని వాదించినచో ఇల్లు గుల్లయగును.

బురదలో దిగబడు బాధ మాత్రము నిజమైనదే; భర్త మాటను త్రోసిపుచ్చుట మా యుద్దేశము కాదు. అదే కొలతలో, అదే బరువు సంఖ్యతో, లోతైన గాళ్లు గల టైరులు దొరకును. వెనుక చక్రములకు అవి వేసినచో బురదలో పట్టు చిక్కును. తారురోడ్డుపై అవి కొంచెము చప్పుడు చేయును, త్వరగా అరుగును. ఏ దారిన ఎక్కువ దినములు తిరుగుదురో చూచి నిర్ణయింపవలెను. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు చట్టప్రకారము నడుపదగినది కాదు.

సొమ్ము చేతికిచ్చుటకు ముందు, బండితో వచ్చిన పుస్తకములోని టైరు కొలతను, బరువు సంఖ్యను, గాలి లెక్కను మీ పద్దుల పుస్తకములో వ్రాసికొనుడు. దుకాణమునకు మీరును వెళ్లుడు. కొత్త టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తుండును. 2324 అనగా 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. నాలుగింటిపైనను ఆ గుర్తును చూచి, వ్రాసినదానితో కొలతను సరిపోల్చి, అటుపిమ్మట రశీదు వ్రాయింపుడు. అదనపు చక్రము కూడ ఆ కొలతదే కావలెను. గాలిని ఉదయము, టైరులు చల్లగా నున్నపుడు, పక్షమునకొకసారి చూపింపుడు. టైరులు వేసిన తేదీని, ఆ నాటి కిలోమీటర్లను అదే పుటలో వ్రాసి పెట్టినచో, మరల కొనవలసిన నాడు ఎవరి మాటమీదను ఆధారపడ నక్కరలేదు.