రోగనిరోధకం – శక్తియా, సమన్వయమా?



"రోగనిరోధక శక్తి" అన్న మాటను మనం అలవోకగా వాడుతున్నాము. 2020లో కరోనా ప్రబలిన నాటి నుండి ఆ 'శక్తి'ని పెంచుతామనే పొడులకూ, కషాయాలకూ గిరాకీ హెచ్చింది. తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి కనుక నా అభ్యంతరం మాట దగ్గరే మొదలవుతుంది. శక్తి అనగానే అదేదో ఒంట్లో రాశిగా ఉన్నట్టూ, పోసిన కొద్దీ పెరిగేటట్టూ తోస్తుంది. శరీరంలో జరిగేది అది కాదు.

వేలికి ముల్లు గుచ్చుకుని సూక్ష్మక్రిములు చొరబడ్డాయనుకుందాము. అక్కడ కాపున్న మాక్రోఫేజ్ కణాలు చిక్కినవాటిని మింగుతూనే, రసాయన సంకేతాలతో నెత్తురులోని న్యూట్రోఫిల్ కణాలను పిలుస్తాయి. మనకు కనబడే వాపూ, ఎరుపూ ఆ పిలుపు ఫలితమే. ఇంతలో డెండ్రైటిక్ కణాలు క్రిమి ఆనవాలును మోసుకుని దగ్గరలోని లింఫు గ్రంథికి చేరి, టి కణాలకు చూపుతాయి. దానిని పోల్చుకోగలిగిన కొద్దిపాటి కణాలే వేలుగా వృద్ధి చెందుతాయి. వాటిలోని సహాయక టి కణాలు ఊతమివ్వగా బి కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ప్రతిరక్షకం అంటుకున్న క్రిమిని మాక్రోఫేజ్‌లు మరింత సులువుగా మింగుతాయి. మొదలుపెట్టినవారి చేతికే పని తిరిగి వచ్చిందన్నమాట!

ఏ ఒక్కరి బలమూ ఇక్కడ చాలదనడానికి హెచ్.ఐ.వి.యే సాక్ష్యం. ఆ వైరస్ ప్రధానంగా నాశనం చేసేది సహాయక టి కణాలను. తక్కిన కణాలెన్నో మిగిలి ఉన్నా, చికిత్స అందనప్పుడు మామూలు క్రిములకు సైతం శరీరం లొంగిపోతుంది.

ఎక్కువైతే మేలనుకోవడమూ సరికాదు. కరోనా ముదిరి ఆక్సిజన్ అవసరమైన వారిలో మరణాలను తగ్గించిన డెక్సామెథసోన్, ఈ ప్రతిస్పందనను అణచే మందు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్షలో ఆ సంగతి తేలింది. కణాలు సొంత శరీరం మీదనే తిరగబడకుండా అదుపుచేసే నియంత్రక టి కణాలూ మనలో ఉన్నాయి. వాటికి సంబంధించిన పరిశోధనకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు 2025లో నోబెల్ బహుమతి లభించింది.

మంచి తిండీ, కంటినిండా నిద్రా అక్కరలేదని నేననను. వాటి లోపం ఈ ఏర్పాటును కుంగదీస్తుంది. అయితే టీకా చేసే పనిని గమనించండి. అది శక్తిని పోయదు, ఆనవాలు నేర్పుతుంది. అందుకే పొడి డబ్బా కంటె టీకా గొప్పది.

"రోగనిరోధక వ్యవస్థ" అన్న చక్కని మాట మనకు ఉండనే ఉంది. వ్యవస్థ అన్నచోట ఎవరూ దానిని చెంచాలతో కొలిచి అమ్మలేరు. ఇకమీదట ఆ మాటనే వాడుదామని నా విన్నపం. పెద్దలూ, మిత్రులూ ఏమంటారు?