లైట్లు పట్టుకునే పనే కదా!

మొన్న బందరు ఇనుగుదురుపేటలో మా ఖాలా ఇంటికి దావత్‌కి వెళ్తే దస్తర్‌ఖాన్ మీదే లడాయి మొదలైంది. ఖాలా మనవడు ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు పాసయ్యాడు. గుడివాడలో ఒక షామియానా షాపులో చేరి షాదీలకు, ఉర్సులకు సీరియల్ సెట్లు కడుతున్నాడు. ఇప్పుడు హైదరాబాద్ వెళ్లి స్టేజీ షోలకు, టీవీ ప్రోగ్రాములకు లైటింగ్ చేసే టీములో చేరతానంటున్నాడు. వాడి అబ్బాది ఒకటే మాట: "లైట్లు పట్టుకునే పనే కదా, దానికి హైదరాబాద్ దాకా ఎందుకు? దుబాయి వీసా చూస్తున్నా, నోరు మూసుకుని వెళ్లు." ఖాలాది ఇంకో ఫికర్. "నాచ్‌గానా దగ్గర నౌకరీ అంటే పిల్లనెవరిస్తార్రా?"

నన్ను ఫైసలా చెప్పమన్నారు. బిర్యానీ చల్లారిపోతోందని తప్పించుకున్నాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నా.

లైటు పట్టుకునేవాడు వేరు. అది ఎక్కడ పడాలో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ పడకూడదో చూసేవాడు వేరు. మన కన్ను ఏ వెలుతురుకైనా సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకోదు. పాత ఫిలమెంటు స్టూడియో లైటు రంగును 3200 కెల్విన్ అని లెక్కేస్తారు, పగటి వెలుతురును 5600 అంటారు. రెండూ కలిపి వేస్తే టీవీలో మనిషి చెంప ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా కనబడుతుంది. పాటల కచేరీ అయితే తిరిగే లైట్లు వందల్లో ఉంటాయి. వాటన్నిటికీ హుకుం వెళ్లేది డీఎంఎక్స్ 512 అనే పద్ధతిలో. అది 1986లో వచ్చింది. ఒక్క లైను మీద 512 చానళ్లు. తిరిగే లైటు ఒక్కటే ఇరవై, ముప్పై చానళ్లు మింగేస్తుంది. ఏ చరణం దగ్గర ఏ లైటు ఎటు తిరగాలో ముందే రాసి పెట్టుకోవాలి. పాట నడుస్తుంటే సరిగ్గా ఆ క్షణానికి మీట నొక్కాలి. ఇది హునర్ కాకపోతే ఇంకేది హునర్?

మన జిల్లాకు ఇదేం కొత్త కాదు. కూచిపూడి మన పక్కనే. పాత రోజుల్లో భాగవతం ఆముదం దివిటీల వెలుగులో ఆడేవాళ్లు. ముఖ్యమైన వేషం వచ్చేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గుమని లేచేది. ఒక్క క్షణం ముందు చల్లినా, తర్వాత చల్లినా మజా పోయినట్టే. గోల్కొండ తానీషా బందరు వైపు వస్తూ కూచిపూడి వాళ్ల ఆట చూసి అగ్రహారం ఇచ్చాడన్న కిస్సా మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ రాత్రి బాద్‌షా ముందు దివిటీ పట్టిందెవరో ఏ కిస్సాలోనూ లేదు.

కలకత్తాలో తాపస్ సేన్ అనే ఆయన ఉండేవారు. 1959లో మినర్వా థియేటర్లో ఉత్పల్ దత్ నాటకం 'అంగార్'కి లైటింగ్ చేశారు. బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చే సీను అది. చుక్క నీరు లేకుండా, వెలుగునీడలతోనే జనాన్ని వణికించారు. 1974లో ఆయనకు సంగీత నాటక అకాడెమీ అవార్డు ఇచ్చారు. లైట్ల పనికే!

దాని గురించి చదివినప్పుడు నాకు మా చాచా గుర్తొచ్చారు. ఆయనకు గుడివాడలో పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేశాక, దారి దొరకగానే ఉన్న లైట్లన్నీ వేసుకుని అవనిగడ్డ వైపు వెళ్లారట. కరెంటు లేదు. రాత్రిళ్లు ఆ వెలుతురులోనే కబర్లు తవ్వారు, శవాలను ఎవరివో గుర్తుపట్టారు. మేంటిల్ విరిగితే మార్చడానికి కూడా చేతులు వణికేవని చెప్పేవారు. ఆ రాత్రుల్లో ఆయన్ని ఎవరూ 'లైట్లు పట్టుకునేవాడు' అని చులకన చేసి ఉండరు.

ఉర్దూ మీడియం స్కూల్లో మా ఉస్తాద్ ఇబ్నుల్ హైసం గురించి ఎంత జోష్‌గా చెప్పేవారో! వెయ్యేళ్ల కిందట 'కితాబుల్ మనాజిర్' రాసిన మనిషి, వెలుగు కంట్లోకి ఎలా వస్తుందో దునియాకి విడమరిచి చెప్పినవాడు. జల్సాల్లో ఆయన పేరు రాగానే సుభానల్లాహ్ అంటాం. మనింటి పిల్లాడు వెలుగుతో పని చేస్తానంటే మాత్రం ఛీ అంటాం. షేక్ నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి మా బుర్రకథ నాజర్ అంటాం. మన కొడుకు బుర్రకథ చెబుతానంటే ఏమంటామో ఎవరి దిల్‌ని వాళ్లు అడగాలి.

సంగీతం జాయజా కాదా అన్న మసలా నేను తేల్చేది కాదు, ఆలిములను అడగండి. కానీ ఈ పిల్లాడే మన ఇళ్లలో మెహందీ రాత్రి డీజేకి లైట్లు కట్టినప్పుడు ఎవరూ ఫత్వా అడగలేదు. పైగా న్యూస్ స్టూడియోకి లైటింగ్ కావాలి, ముషాయిరాకి కావాలి, మ్యూజియానికి కావాలి.

అడగాల్సిన సవాళ్లు వేరే ఉన్నాయి. పోయిన వానాకాలం వీడు తడి నేల మీద వైరు పట్టుకుని షాక్ తిని ఎగిరిపడ్డాడు. షాపు యజమాని మూడొందలు చేతిలో పెట్టి ఇంటికి పంపాడు. మన డెల్టా నేల సంగతి తెలిసిందే, గుంత తీస్తే నీళ్లు. కాబట్టి ఖాలా అడగాల్సింది పిల్ల సంగతి కాదు. అంత ఎత్తున ఇనప ట్రస్సు ఎక్కేటప్పుడు నడుముకి బెల్టు ఇస్తారా? జనరేటర్‌కి ఎర్తింగ్ ఉంటుందా? పగార్ నెలనెలా చేతికొస్తుందా, షోకి షోకీ తిప్పుకుంటారా? ఈ లైన్లో రాత్రి నిద్ర ఉండదు, కాగితం మీద ఒప్పందం అరుదు. అది దాచి పంపితే తప్పు మనదే.

వాడికి నా సలహా ఒకటుంది. మొదటి ఏడాది కేబుళ్లు చుట్టడమే పనిగా ఉన్నా చుట్టు, కానీ దూరవిద్యలో డిగ్రీ కట్టు. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సుకి డిగ్రీ అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది. బేటా, తాలీమ్ లేకపోతే మీ అబ్బా మాటే నిజమవుతుంది.

ఇది రాస్తూ ఖాలాకి ఫోన్ చేశాను. వాడి అబ్బా "ఒక ఏడాది చూద్దాం" అన్నాడట, అదీ మొహం అటు తిప్పుకుని. ఖాలా ఇంకేమీ మాట్లాడలేదు. పెట్టేసే ముందు మాత్రం అడిగింది: "నడుముకి బెల్టు అన్నావే, అది మనం కొనిస్తే ఎంతవుతుంది?"